తీసేసిన పేరా

మార్చి 2, ఆదివారం

మళ్ళీ డైరీ. ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ సీతాలక్ష్మి చదువంతా ఈ బిలాస్‌పూర్‌లోనే, హిందీలోనే. మా అమ్మాయి మైత్రి తొమ్మిదో క్లాసుకొచ్చినా తెలుగులో అ ఆలు దాటలేదు. కాబట్టి దీన్ని టేబుల్ మీద వదిలేసి ఆఫీసుకు పోయినా భయం లేదు. తాళం కంటే తెలుగే గట్టిది.

ఈ రోజు క్లాసుకు ప్రత్యూష ఒక్కతే వచ్చింది. తెలుగు మిత్ర మండలి పిల్లలందరికీ అని గొప్పగా మొదలుపెట్టిన ఆదివారం క్లాసు, చివరికి మండలిలో సభ్యత్వం కూడా లేని పోలయ్య కూతురికి మిగిలింది. పోలయ్యది స్టేషన్‌లో సఫాయి పని. వాళ్ళ తాతను పలాస వైపు నుంచి ఆ పనికే తీసుకొచ్చారట, మా తాతను పార్వతీపురం నుంచి గార్డు పనికి తీసుకొచ్చినట్టు. రైలు ఒకటే, పెట్టెలు వేరు. పిల్ల మాత్రం చురుకు. నా దగ్గరే గుణింతాలు, ఒత్తులు నేర్చుకుని ఇప్పుడు నా రాతలోనే తప్పులు పడుతోంది.

ఉగాదికి పిల్లల చేత ‘ప్రపంచం మెచ్చిన నాయకులు’ అని మాట్లాడించాలని మండలి తీర్మానం. ప్రత్యూషకు నేను మార్టిన్ లూథర్ కింగ్‌ని ఇచ్చాను. ఆయనంటే నాకు ప్రాణం. ఆఫీసులో ఏ సభ జరిగినా నా నోట ఆయన పేరు రాకుండా ఉండదు. నా వెనక నన్ను ‘కింగ్ సాబ్’ అని నవ్వుకుంటారని తెలుసు. లోపల కాస్త గర్వం కూడా.

తీరా ఆ పిల్ల రాసుకొచ్చింది చూస్తే, కింగ్ మూడో పేజీకి గాని రాడు. మొదట క్లాడెట్ కాల్విన్ అట.

“ఈ రోజే మాస్టారూ. సరిగ్గా డెబ్భై ఏళ్ళ కిందట, మార్చి రెండు. ఆవిడదీ నా ఈడే,” అంది.

అమెరికాలో మాంట్‌గోమరీ ఊళ్ళో బస్సెక్కి, తెల్లామెకు సీటు వదలనందుకు పదిహేనేళ్ళ పిల్లను పోలీసులు ఈడ్చుకుపోయారు. ఇలాగే సీటు వదలక పేరుకెక్కిన రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు. ఈ సంగతి నాకు తెలియదు. తెలిసినట్టే తల ఊపాను.

గట్టిగా చదవమన్నాను. “నేను లెగను” అని చదివింది. కాగితం మీదా అలాగే ఉంది. ‘లేవను’ అని దిద్దాను.

“మీరు ఇంటికాడ లెగను అనరా మాస్టారూ?”

అంటాను. స్టేజీ వేరమ్మా అన్నాను.

మార్చి 9, ఆదివారం

ప్రత్యూష కొత్తగా ఒక పేరా చేర్చింది. అప్పటి పెద్ద నాయకులు క్లాడెట్ కేసును పట్టుకుని జనంలోకి వెళ్దామా వద్దా అని ఆలోచించి, చివరికి వద్దనుకున్నారట. పిల్ల చిన్నది, నోరు ఎక్కువ, పేదల వాడలో ఉంటుంది, రంగు మరీ నలుపు. ఆపైన కడుపుతో కూడా ఉంది. అందరూ మెచ్చే మనిషి కావాలి, అందుకని ఆగారు. తొమ్మిది నెలల తర్వాత రోజా పార్క్స్ దొరికింది. అయినా ఆ పిల్ల ఇంట్లో కూర్చోలేదు. మరుసటేడు కోర్టుకెక్కి సాక్ష్యం చెప్పిన నలుగురు ఆడవాళ్ళలో తనూ ఒకతె. ఆ కేసుతోనే బస్సుల్లో ఆ పద్ధతి పోయింది.

బాగా రాసింది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. కాని పండగ పూట, ఆడపిల్ల, స్టేజీ మీద కడుపు సంగతా?

“ఆ మాట తీసేస్తాను మాస్టారూ. మిగతాది ఉంచండి,” అంది.

ఉంచుతానన్నాను.

మార్చి 16, ఆదివారం

సాయంత్రం నెహ్రూ నగర్‌లో తిరుమలరావుగారింట్లో మండలి మీటింగు. ఆయన రిటైరై ఇన్నేళ్ళయినా, అధ్యక్ష పదవికి మాత్రం రిటైర్‌మెంట్ లేదు. ఉగాదికి ముఖ్య అతిథి ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన పెద్ద ఆఫీసరు, విజయవాడ వైపు మనిషి.

“ఫస్టు మాటాడేది ఎవరోయ్ జానకీ?” అన్నారు తిరుమలరావుగారు నా వైపు చూసి.

ప్రత్యూష అని చెప్పాను.

“ఎవరు, మన పోలయ్య కూతురా? అచ్ఛా, అచ్ఛా.” కాసేపు మిక్చర్ నమిలారు. “పిల్ల మంచిదే. కాదన్ను. కాని ఫస్టు మాటాడినోళ్ళే గదేటి పచ్చడి పంచాల?”

మా మండలిలో అదొక ఆచారం. మొదట మాట్లాడిన పిల్లే ఉగాది పచ్చడి గిన్నె పట్టుకుని, అతిథి నుంచి చివరి వరస దాకా అందరికీ తన చేత్తో పెట్టాలి. ఎవరు పెట్టారో ఆ ఆచారం! నేనే పెట్టాను. పిల్లలకు ప్రోత్సాహంగా ఉంటుందని.

బ్యాంకులో పనిచేసే రమణబాబు గొంతు సవరించుకున్నాడు. “నాకేం పట్టింపుల్లేవండీ. కాని ఆడవాళ్ళు నోట్లో పెట్టుకుంటారా లేదా, అది చూసుకోవాలి కదా. పైగా ఆ అమ్మాయి స్టేజీ మీద నల్లవాళ్ళు, నల్లవాళ్ళు అంటుంటే హిందీవాళ్ళు నవ్వుతారు. వాళ్ళ భాషలో నల్లా అంటే పనికిమాలినవాడు. ఆ రంగుకి, ఆ మాటకి…” అని తనే నవ్వాడు. అందరూ నవ్వారు.

నేను నవ్వానా? పళ్ళు కనబడే ఉంటాయి.

“నీ కూతురుంది గదేటి? మైత్రి. లక్షణంగా ఉంటాది. ఆ స్పీచే దానికిచ్చెయ్. పామూ చావదు, కర్రా విరగదు,” అన్నారు తిరుమలరావుగారు.

నేను ఒప్పుకోలేదు. ఊరుకున్నాను, అంతే.

మార్చి 17

ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు.

మార్చి 19, బుధవారం

లంచ్‌లో ఆఫీసు కంప్యూటర్ మీద మాంట్‌గోమరీ సంగతులు చదివాను. ప్రత్యూష రాసింది నిజమే. ఆ ఊరి నల్లవాళ్ళ నాయకుడు నిక్సన్ (అమెరికా ప్రెసిడెంటు కాదు) లాంటి అనుభవమున్న పెద్దలే క్లాడెట్ పనికిరాదని పక్కన పెట్టారు. అప్పటికి కింగ్ ఇంకా ఇరవయ్యారేళ్ళ కుర్రాడు, ఆ ఊరికి కొత్త. అంతటివాళ్ళు కూడా ముందు ఎవరిని నిలబెట్టాలి, వెనక ఎవరిని ఉంచాలి అని చూసుకున్నారు. పెద్ద పని కావాలంటే చిన్నచిన్నవి సర్దుకోవాలి. మండలి నాలుగు కాలాల పాటు నిలవాలి. మండలి నిలిస్తే క్లాసు నిలుస్తుంది. క్లాసు నిలిస్తే ప్రత్యూషకే లాభం.

ఈ ముక్క తోచాక ప్రాణం తేలికపడింది. రెండు పూటలా అన్నం సయించింది.

మార్చి 23, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ప్రత్యూష వచ్చింది. ఈసారి సాఫుగా తిరగరాసుకొచ్చింది, గీతలు గీసి, మార్జిన్ పెట్టి. “ఓసారి ఇలా ఇయ్యమ్మా, చూస్తాను,” అన్నాను. ఇచ్చింది. మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అప్పుడు చెప్పాను.

ముందు కాగితం, తర్వాత మాట. ఆ వరస నేను ఆలోచించి చేసిందేనా? ఏమో. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

“ఈసారికి మైత్రి చెప్తుందమ్మా. కమిటీ మెంబర్ల పిల్లలే మాట్లాడాలని కొత్త రూలు పెట్టారు. వచ్చే ఏడు నీకే.”

అటువంటి రూలేదీ లేదు.

ఆ పిల్ల నా మొహం చూడలేదు, జేబు చూసింది. “మైత్రికి తెలుగు చదవటం రాదు గదా మాస్టారూ?” అంది.

“నేను హిందీ అక్షరాల్లో రాసిస్తాను.”

“అచ్ఛా. అయితే ఒత్తులు చూసి రాయండి. హిందీలో పొట్టి ఎ, పొట్టి ఒ ఉండవు. తప్పు పలుకుతాది,” అని చెప్పి వెళ్ళింది.

మైత్రికి మాత్రం ఇది నేను రాసిన ఉపన్యాసమని చెప్పాను. పాపం, దానికేం తెలుసు.

మార్చి 26, బుధవారం

హిందీ అక్షరాల్లోకి ఎక్కించడం పూర్తయింది. నిజంగానే పొట్టి ఎ, పొట్టి ఒ లేక చస్తున్నాను. మైత్రి ‘మొదట’ను ‘మోదట’ అంటోంది. ‘నల్లవాళ్ళు’ తీసేసి ‘అణగారిన ప్రజలు’ అని పెట్టాను. గౌరవంగా ఉంది.

ఆ పేరా తీసేశాను. నిడివి ఎక్కువైంది.

సీతాలక్ష్మి దోసెపిండి రుబ్బుతూ, “మన పిల్లకి చాన్సొచ్చింది, సంతోషంగా ఉండకుండా తేలు కుట్టిన దొంగలాగ ఆ మొహమేటండీ?” అంది. ఉగాది ఖర్చులని చెప్పాను.

మార్చి 30, ఆదివారం, ఉగాది

మైత్రి పట్టు పరికిణీ కట్టుకుని చక్కగా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. “నేను లేవను” అన్నప్పుడు చెయ్యెత్తింది, అది నేను నేర్పిందే. హాలంతా చప్పట్లు. ఆఫీసరుగారు మైకు అందుకుని, ఛత్తీస్‌గఢ్‌లో ఇంత తేట తెలుగు వింటానని అనుకోలేదన్నారు. ఆ తండ్రి పెంపకాన్ని మెచ్చుకోవాలన్నారు. అమెరికాలో అలాంటి ఘోరాలు జరిగాయి గాని, మనం మాత్రం ఇక్కడ పరాయి గడ్డ మీద అందరం ఒక్క కుటుంబంలా ఉన్నామన్నారు. మళ్ళీ చప్పట్లు. మైత్రికి వెండి రంగు కప్పు ఇచ్చారు.

పోలయ్య, ప్రత్యూష వెనక తలుపు దగ్గర కూర్చున్నారు. నేను స్టేజీ పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. మైత్రి చెబుతున్నంతసేపూ ప్రత్యూష పెదాలు కదులుతున్నాయి. ప్రతి మాటకీ, ఒక్క అక్షరం ముందూ వెనకా కాకుండా. ఆ పేరా రావలసిన చోటికి వచ్చేసరికి పెదాలు అటు వెళ్ళాయి, మైత్రి ఇటు వచ్చేసింది. పెదాలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ పిల్ల ఇంక కదపలేదు, నోరు మూసుకుని కూర్చుంది.

మైత్రి గిన్నె పట్టుకుని వరస వరసకీ వెళ్ళి పచ్చడి పెట్టింది. చివరి వరసకూ పెట్టింది. పోలయ్య రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు.

మార్చి 31

నన్ను మెచ్చుకుంటూ మండలి గ్రూపులో ఇంకా మెసేజులు వస్తున్నాయి. అందరికీ దండం బొమ్మ పెడుతున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

నిక్సన్‌తో, కింగ్‌తో నన్ను నేను పోల్చుకున్న పేజీ ఇవాళ మళ్ళీ చదివాను. చింపేద్దామనుకున్నాను. చింపితే ఇంకా సిగ్గు.

వాళ్ళు చేసింది తప్పో ఒప్పో, ఒక ఊరి జనం మొత్తం బస్సులో తలెత్తుకు కూర్చోవడం కోసం చేశారు. నేను పచ్చడి కోసం చేశాను. రమణబాబు ఇంటావిడ పచ్చడి నోట్లో పెట్టుకుంటుందో లేదో అని చేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ప్రత్యూష క్లాసుకు రాలేదు. నవమి కదా అనుకున్నాను. మధ్యాహ్నం దాకా అలాగే అనుకుని, సాయంత్రం నేనే వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళాను. స్టేషన్‌కి అవతల, చివరి లైను. ఇన్నేళ్ళలో నేను ఆ లైన్లోకి అడుగుపెట్టడం ఇదే మొదలు.

“రాండి బాబూ, రాండి!” అని పోలయ్య కంగారుపడ్డాడు. ఉన్న ఒక్క కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. టీ ఇచ్చారు. తాగాను. గ్లాసు ఖాళీ చేశాను. తాగుతూ, చూశావా, తాగుతున్నాను అని నాలో నేనే మెచ్చుకున్నాను. అదీ రాయాలి కదా, రాస్తున్నాను.

“మైత్రమ్మ ఎంత బాగ సెప్పినాది బాబూ! రాసింది మా పిల్లే గాని, ఇది సెప్తే అలాగొచ్చునా? అంతా మీ దయ,” అన్నాడు పోలయ్య.

అతనికి తెలుసు. తెలిసి కూడా నా దయ అంటున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ప్రత్యూష గడప దగ్గర నిలబడి అంది. “మాస్టారూ, ఒకటి అడగనా? ఆ పేరా ఎందుకు తీసేశారు? కడుపు మాట నేనే తీసేశాను గదా.”

“టైము చాల్లేదమ్మా.”

“అచ్ఛా.” గోడకేసి చూసింది. “నేను స్టేజీ గురించి అనటం లేదు. ఆ పేరా లేకపోతే క్లాడెట్ మధ్యలో ఏటైపోయిందో ఎవరికీ తెలీదు. భయపడి ఇంట్లో కూసుందనుకుంటారు. పాపం, ఆవిడ కూసోలేదు గదా మాస్టారూ.”

“మాటాడకే, బాబుకి ఎదురు సెప్తావేటి?” అని పోలయ్య కసిరాడు.

తీరిగ్గా క్షమాపణ చెప్పాలని వెళ్ళాను. వచ్చే ఆదివారం తప్పకుండా రమ్మని చెప్పి వచ్చేశాను.

టైము చాలింది. ఆఫీసరుగారికి శాలువా కప్పి ఫొటోలు తీయడానికి పట్టినంత సేపు కూడా ఆ పేరాకు పట్టదు.

ఏప్రిల్ 8, మంగళవారం

మైత్రికి చెప్పేశాను. అది నన్ను అసహ్యించుకోవాలి, అరవాలి, ఆ కప్పు తీసి విసిరికొట్టాలి. అలా జరిగితే నా బరువు కొంత దిగుతుందనుకున్నాను. చూడండి ఎంత ఆశో. పదిహేనేళ్ళ పిల్ల చేత శిక్ష వేయించుకుని తేలిపోదామని.

అది ఫోను పక్కన పెట్టి, “ముఝే పతా థా నాన్నా,” అంది.

“ఏం తెలుసు?”

“అది ప్రత్యూష స్పీచని. విమెన్స్ డేకి మా స్కూలు అసెంబ్లీలో హిందీలో చెప్పింది కదా. నేను విన్నాను. పూరా సేమ్.”

“మరి తెలిసీ ఎందుకు తీసుకున్నావు?”

“మీరిచ్చారు కదా.” ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది. “మీరిస్తే సహీ హోగా అనుకున్నా. మార్టిన్ లూథర్ కింగ్, ఈక్వాలిటీ, ఇవన్నీ మీకే కదా బాగా తెలుసు.”

ఇన్నాళ్ళూ దీనికేం తెలియదు పాపం అని రాసుకుంటూ వచ్చాను. తెలుసు. తెలిసి, నా మొహం చూసి, ఇది మామూలే కాబోలు అనుకుంది. ఊరుకోవడం ఎలాగో నేను ఏ ఆదివారమూ క్లాసు పెట్టి నేర్పలేదు. తనే నేర్చుకుంది.

“గలత్ థా క్యా?” అంది.

“తప్పే.”

“తో మీరెందుకు చేశారు?”

తిరుమలరావుగారు అన్నారనీ, రమణబాబు అన్నాడనీ చెప్పబోయాను. దాని కళ్ళు చూశాక ఆ పేర్లు మింగేశాను. భయమేసిందని చెప్పాను. ఎవరంటే భయం అని అడిగింది. పచ్చడి తినని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళంటే భయమని ఎలా చెప్పను?

అది లేచి గదిలోకి పోతూ తలుపు దగ్గర ఆగింది. “అసెంబ్లీలో నేను ముందు లైన్లో ఉన్నాను నాన్నా. తను నన్ను చూసింది. తను అయ్యాక నేను చప్పట్లు కొట్టాను,” అంది. అప్పుడు ఏడ్చింది.

ఏప్రిల్ 10, గురువారం

తిరుమలరావుగారికి ఫోను చేసి, వచ్చే మీటింగులో నిజం చెప్పేస్తానన్నాను. “జరిగిపోయిందానికి ఇప్పుడు రచ్చేటి జానకీ? పిల్లకి మంచి పెన్నొకటి కొనిచ్చెయ్,” అన్నారు.

మీటింగులో చెప్పితీరతాను.

పెన్ను కూడా కొన్నాను. మంచిదే, పెట్టెలో పెట్టి ఇచ్చారు.

ఏప్రిల్ 13, ఆదివారం

ప్రత్యూష ఈ రోజూ రాలేదు. మైత్రి పొద్దున్నే తల దువ్వుకుని, కప్పును ఒక సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంది. ఎక్కడికని అడిగితే, ప్రత్యూష దగ్గరికంది. కప్పు తీసుకుంటుందో లేదో తెలియదు, తిట్టినా వింటానంది.

నాకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెన్ను పెట్టె జేబులో పెట్టుకుని, “పద, నేనూ వస్తాను. ఇద్దరం కలిసే చెప్దాం,” అన్నాను.

“మీరు రావద్దు నాన్నా.”

“ఎందుకు?”

అది సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించినట్టుంది.

“మీరొస్తే వాళ్ళ నాన్నగారు లేచి నిలబడతారు. ఆయన అలా నిలబడి ఉంటే ప్రత్యూష నన్ను ఏమీ అనలేదు.”

వెళ్ళిపోయింది.

నిజమే. ఆ రోజు నేను టీ తాగినంతసేపూ పోలయ్య నిలబడే ఉన్నాడు. అంతా ఉన్నదున్నట్టు రాశాననుకున్న పేజీ ఇప్పుడే తిరగేసి చూశాను. తువ్వాలు ఉంది, కుర్చీ ఉంది, నేను తాగిన టీ ఉంది. అతను నిలబడ్డ సంగతి ఎక్కడా రాయలేదు.